బండ నుంచి పన్నెండు అడుగులు

ముప్పై ఏళ్లకు పైగా బాప్టిస్టు సంఘాలలో పాస్టరుగా పనిచేసి రిటైరైన నాకు నీళ్లంటే భయం. చెంబులో నీళ్లంటే కాదు, బకెట్లో నీళ్లంటే కాదు. మోకాలు దాటి నడుము దాకా వచ్చే నీళ్లంటే భయం. చాలా ఏళ్ల వరకు ఈ సంగతి నా భార్యకు ఒక్కదానికే తెలుసు. ఆమె కూడా పెళ్లయిన ఆరేడేళ్లకు తానుగా కనిపెట్టిందే గాని, నేను చెప్పింది కాదు.

కొత్తగా సేవలోకి వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అప్పుడప్పుడు నన్ను పిలిచి, మీ అనుభవం ఒకటి చెప్పండి అయ్యగారూ అంటుంటారు. ఎంతమందిని సంఘంలో చేర్చారు, ఎన్ని చర్చీలు కట్టించారు అని అడగాలని వాళ్లకు ఉంటుంది. అవి చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు, ఏమీ అనుకోను. నా ప్రసంగాలప్పుడు అలవాటైనదే.

తెలియనివాళ్ల కోసం ముందుగా ఒక ముక్క. కొన్ని సంఘాలలో నెత్తి మీద నీళ్లు చల్లితే బాప్తిస్మం అయిపోతుంది. బాప్టిస్టులకు అట్లా కుదరదు. మనిషి బుద్ధి తెలిసి, తానుగా ఒప్పుకుని, నీళ్లలోకి దిగి, వెంట్రుక కూడా పైకి కనబడకుండా మునిగి లేవాలి. ముంచేవాడు పాస్టరు. ఒక చెయ్యి ఆ మనిషి మెడ వెనుక పెట్టి, రెండో చేత్తో వాళ్ల చేతులు పట్టుకుని, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరట అనే మాట చెప్పి, వెనక్కి వంచి ముంచి లేపుతాడు. అంటే అందరికంటే ముందు నీళ్లలోకి దిగేవాడూ, ఆఖరి మనిషి ఒడ్డెక్కాక బయటికి వచ్చేవాడూ అతనే. ఈ పనికి నేను తగుదునమ్మా అని ఎట్లా వచ్చానో దేవుడికే తెలియాలి.

నేను పుట్టింది ముడిమ్యాలలో. ఎనిమిదేళ్లప్పుడు ఈత నేర్పుతామని మా పెద్దవాళ్లు నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి వ్యవసాయ బావిలోకి తోశారు. ముడి ఊడిపోయింది. సొరకాయ తేలింది, నేను తేలలేదు. ఎవరో దూకి పైకి తెచ్చారు. ఆ తరువాత ఎన్ని బాప్తిస్మాలు ఇచ్చినా ఆ భయం పోలేదు. నీళ్లలో నిలబడ్డంతసేపూ ఒడ్డు మీద ఒక చెట్టునో, ఒక మనిషినో కన్నార్పకుండా చూస్తూ గబగబా పని కానిచ్చేవాణ్ని. మా అయ్యగారి చేతిలో బాప్తిస్మం చకచకా అయిపోతుందని నాకు పేరు కూడా వచ్చింది. దాన్ని అందరూ పనితనం అనుకున్నారు.

చేవెళ్ల నుంచి మొయినాబాద్ వచ్చేటప్పుడు రోడ్డు దిగి లోపలికి పోతే ఒక ఊరు ఉంది. ఆ ఊరి సంఘం నన్ను పిలుచుకుంది. చేరిన రోజు నాకు రెండే ఇచ్చారు, చర్చి తాళంచెవి, ఎర్ర గుడ్డ అట్ట వేసిన పాత రిజిస్టరు. ఆ రిజిస్టరే సంఘ చరిత్ర. మొదటి పేజీలో, నిజాం కాలంలో ఎద్దుల బండి మీద వచ్చిన ఒక ప్రసంగీకుడి చేతిరాత ఉంది. ఊరి చివర పాకలలోని కుటుంబాల నుంచి మొదట పదకొండు మంది ఒప్పుకున్నారు. వాళ్లను ముంచాలంటే నీళ్లు కావాలి. ఊరి చెరువులో వాళ్లు దిగకూడదని పెద్దలు అడ్డం పడ్డారు. దూరంగా బర్రెలు దిగే కుంట ఒకటి ఉంది, అక్కడైతే ఎవరూ ఏమీ అనరు. కుంట ఒడ్డున ఒక నల్లని బండ. ఆ ప్రసంగీకుడు బండకు వీపు ఆనించి నిలబడి, తూర్పుకు నడుచుకుంటూ పోయి, నీళ్లు రొమ్ము దాకా వచ్చినచోట ఆగి, ఆ పదకొండు మందికీ అక్కడే బాప్తిస్మం ఇచ్చాడు. పుస్తకంలో స్థలం అనే గడిలో "బండ నుంచి పన్నెండు అడుగులు" అని రాశాడు.

ఆనాటి నుంచి ఆ సంఘంలో ఎవరు మునిగినా అక్కడే మునిగారు. మట్టి గోడల ప్రార్థన గది పోయి రాతి గోడల చర్చి వచ్చింది. వెట్టి చేసినవాళ్ల మనవలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, బస్సు కండక్టర్లయ్యారు. సిటీలో ఆఫీసులకు పోయేవాళ్లయ్యారు. కానీ బాప్తిస్మం అంటే మాత్రం కార్లు వేసుకుని ఆ బర్రెల కుంటకే వచ్చేవారు. పెళ్లి మాటల్లో కూడా "పిలగాడు బండకాడ మునిగిండా?" అని అడిగేవారు. వానలను బట్టి కుంటలో నీళ్లు ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. ఒక్కోసారి ఏడో అడుగులోనే లోతు సరిపోయేది, ఒక్కోసారి ఇరవై అడుగులు పోవాల్సి వచ్చేది. అయినా రిజిస్టరులో అందరికీ పన్నెండు అడుగులనే ఉంది. రాసిన పాస్టర్లలో నేనూ ఒకణ్ని.

లోతు మారుతుంది కాబట్టి ముందు రోజు సాయంత్రం ఒకరు వెదురు కట్టెతో నీళ్లలోకి దిగి, అడుగడుగునా నేల పొడిచి చూసి రావాలి. దీన్ని కట్టె వేయడం అంటారు. బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కు ఒకతను మా సంఘంలో ఉండేవాడు. బావుల్లో చేపలా ఈదేవాడు. కట్టె వేసేది అతనే.

చర్చి ఆవరణలోనే సిమెంటు తొట్టి కట్టుకుందామని కమిటీలో రెండుసార్లు మాట వచ్చింది. నా గుండె సంతోషంతో గంతులు వేసింది. కానీ పైకి నేనేం చేశానో చెబితే నవ్వుతారు. లేచి నిలబడి, మన తాతముత్తాతలు మునిగిన నీళ్లను విడిచిపెడతామా అని గంటసేపు గొంతు చించుకుని మాట్లాడాను. తొట్టి కావాలంటే ఎక్కడ నా భయం బయటపడుతుందోనని. కమిటీ పెద్ద, రిటైరైన బస్సు కండక్టరు, చప్పట్లు కొట్టి "గిట్లుండాలె పాస్టరంటే" అన్నాడు.

ఇక అవ్వ సంగతి. ఆమెను అందరూ అవ్వ అనే పిలిచేవారు. చర్చి రాతి గోడలు కట్టిన మేస్త్రీ భార్య. నేను పోయేటప్పటికే మేస్త్రీ చనిపోయి చాలా ఏళ్లయింది. అవ్వ ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాప పరిచి, చివరి స్తంభం దగ్గర కూర్చునేది. ప్రభువు బల్లనాడు, అంటే సభ్యులంతా రొట్టె పంచుకునే రోజు, పళ్లెం తన దాకా వస్తే ముట్టుకోకుండా కళ్లు మూసుకుని పక్కవాళ్లకు అందించేది. ఎందుకంటే ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. చిన్నప్పుడు ఆమె అక్క నీళ్లు చేదబోయి బావిలో పడి, ఈమె కళ్ల ముందే మునిగిపోయింది. అప్పటి నుంచి అవ్వకు నీళ్లంటే ప్రాణభయం. నాకు ముందున్న పాస్టర్లు ఎంతో చెప్పి చూశారు. ఒకసారి తెల్లచీర కట్టుకుని బండ దాకా వచ్చి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి పరుగెత్తిందట.

దీనికి ఇంకొక చిక్కు ఉంది. మా సమాధుల తోటలో బాప్తిస్మం పొందిన సభ్యులకు ఒక వరుస, మిగిలినవాళ్లకు కంచె పక్కన ఒక వరుస. మేస్త్రీ సభ్యుల వరుసలో ఉన్నాడు. ఆయన పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంచారు. అవ్వ మునగకుండా పోతే ఆమెను కంచె పక్కకు చేరుస్తారు. ఈ నియమం ఎవరు పెట్టారో రిజిస్టరులో లేదు, కానీ ఆ ఊళ్లో దాన్ని కదిలించే మగాడు లేడు.

ఒక ఎండాకాలం అవ్వకు గుండెలో నొప్పి వచ్చింది. చేవెళ్ల దవాఖానలో నాలుగు రోజులుండి వచ్చింది. వచ్చిన వారానికి కూతురి చెయ్యి పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అయ్యగారు, నాకు బాప్తిస్మం కావాలె. నేను పోతే మా మేస్త్రి పక్కపొంటి పండుకోవాలె. కాని నీళ్లంటే నా పానం పోతది. జర కుండతోని నెత్తి మీద పొయ్యరాదుండ్రి?"

నేను కుర్చీలో నుంచి లేవబోయి కూర్చున్నాను. ఆమె అడిగింది నా మనసులో ఇన్నేళ్లుగా ఉన్న మాటే. కమిటీలో పెట్టాను. కండక్టరు పెద్ద ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"అవ్వకు కుండతోని పోస్తే రేపు అందరు కుండనే అడుగుతరు. గప్పుడు మనం బాప్టిస్టులమెట్లయితం?"

నేను గట్టిగా నిలబడి ఉంటే ఒకరిద్దరు నా వైపు వచ్చేవారు. నిలబడలేదు. తొట్టి వద్దని అంత ప్రసంగం చేసినవాణ్ని, ఇప్పుడు కుండ కావాలని ఏ ముఖంతో అడగను? వానలు పడి కుంట నిండాక, ఒక ఆదివారం నాలుగు బాప్తిస్మాలు పెట్టుకున్నాం. ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు, ఒక కొత్త పెళ్లికొడుకు, అవ్వ.

ఆ ఎండాకాలమే కుంట ఎండిపోయి ఉండగా టిప్పర్లు వచ్చాయి. మోకిల వైపు ఏదో ప్లాట్ల వెంచరుకు మొరం మట్టి తోలుతున్నారన్నారు. నెల రోజులు తవ్వారు. పూడిక పోతుంది, మంచిదే కదా అనుకున్నాం. ఎవరూ పోయి చూడలేదు. తరువాత రెండు పెద్ద వానలు పడి, కుంట ఎర్రటి నీళ్లతో నిండిపోయింది. పైకి చూస్తే ఎప్పటి కుంటే.

శనివారం మధ్యాహ్నం మెకానిక్కు ఫోన్ చేశాడు. "అయ్యగారు, నేను ఎంకపల్లిల మోటరు గుంజుతున్న. పైపులు ఇరుక్కున్నయి, సాయంత్రానికి వస్తనో రానో. ఈసారి టిప్పర్లు తవ్విండ్రు గద, జర మంచిగ చూడాలె. వేరేటోళ్లకు రాదు, మీరే కట్టె ఏయుండ్రి."

సరేనన్నాను. సాయంత్రం వెదురు కట్టె పట్టుకుని ఒక్కణ్నే బండ దగ్గరికి పోయాను. ఎండ ఇంకా ఉంది. కుంట చుట్టూ ఎవరూ లేరు. చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి ఒక అడుగు వేశాను. బురద చల్లగా వేళ్ల మధ్య నుంచి పైకి వచ్చింది. రెండో అడుగు వేశాను. పిక్కల దాకా నీళ్లు. మూడో అడుగుకు కాలు లేపాను గాని దింపలేకపోయాను. చెవుల్లో ఆ చిన్ననాటి బావి నీళ్ల హోరు వినబడింది. వెనక్కి తిరిగి, ఒడ్డుకు వచ్చి, కాళ్లు కడుక్కుని, కట్టెను మాత్రం పైదాకా నీళ్లలో ముంచి తడిపాను. ఎవరైనా చూస్తే కట్టె తడిగా ఉండాలి కదా. ఇంత తెలివి నాకు ఎట్లా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

"చూసి వచ్చిండ్రా?" అని అడిగింది నా భార్య.

"చూసిన. మంచిగనే ఉన్నది" అన్నాను. ఆమె తడి కట్టెను చూసింది, పొడిగా ఉన్న నా పంచెను చూసింది, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ రోజు ఆమె ఒక్క మాట అని ఉంటే బాగుండేదని చాలాసార్లు ఆమె మీదికి నెట్టి చూశాను. అది కూడా నా గుణమే.

ఆదివారం ఆరాధన అయిపోయాక డోలక్కు, తాళాలతో పాడుకుంటూ అందరం కుంటకు పోయాం. నలుగురూ తెల్లబట్టల్లో ఉన్నారు. అవ్వ చీర నీళ్లలో పైకి లేవకుండా ఆమె కూతురు కుచ్చిళ్లకు వరసగా పిన్నీసులు పెట్టింది. అవ్వ పెదవులు పాలిపోయాయి.

"నన్ను ముందు ముంచుండ్రి" అంది. "వేరేటోళ్లను చూసుకుంట కూసుంటే నేను లేసి ఉరుకుత."

పొద్దున్నే ఎంకపల్లి నుంచి వచ్చిన మెకానిక్కు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అయ్యగారు, కట్టె ఏసిండ్రా?"

అప్పుడైనా చెప్పొచ్చు. రెండు నిమిషాల పని. అతను దిగి చూసి వచ్చేవాడు. కానీ కండక్టరు పెద్ద పక్కనే ఉన్నాడు, వందమంది పాడుతున్నారు.

"ఏసిన" అన్నాను.

అవ్వ చెయ్యి పట్టుకుని బండకు వీపు ఆనించి నిలబడ్డాను. ఇద్దరం దిగాం. అడుగులు పైకే లెక్కపెడుతున్నాను, ఆమెకు ధైర్యంగా ఉంటుందని. నిజానికి నాకోసం. ఒకటి, రెండు. ఐదో అడుగుకు మోకాళ్లు. ఏడుకు తొడలు. అవ్వ గోళ్లు నా అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. నేను ఒడ్డున ఉన్న తుమ్మచెట్టును చూస్తున్నాను. ఎనిమిది. తొమ్మిది అన్నాను. తొమ్మిదో అడుగు కింద నేల లేదు.

ఇద్దరం ఒకేసారి పోయాం. టిప్పర్ల కోసం మిషను నిలువునా కోసిన గుంత అది. కళ్లు తెరిస్తే అంతా ఎర్రగా ఉంది. పైకి ఎటో, కిందికి ఎటో తెలియలేదు. నోట్లోకి, ముక్కులోకి మట్టి నీళ్లు పోయాయి. నా చేతిలో అవ్వ చెయ్యి ఉంది. గట్టిగా పట్టుకుని ఉంది. చెయ్యి జారిందని తరువాత చాలామంది అన్నారు. జారలేదు. నేను విడిపించుకున్నాను. రెండు చేతులూ నాకే కావలసి వచ్చాయి. కొట్టుకుని కొట్టుకుని గుంత అంచు కాలికి తగిలితే దాన్ని పట్టుకుని పైకి వచ్చాను. పైకి వచ్చాక కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఒడ్డు వైపే పాకాను.

డోలక్కు ఆగిపోయింది. ఆడవాళ్ల కేకలు. మెకానిక్కు నా పక్క నుంచి దూకి పోవడం తెలిసింది. అతను రెండుసార్లు మునిగి ఖాళీ చేతులతో పైకి వచ్చాడు. మూడోసారి అవ్వ జుట్టు దొరికింది. ఒడ్డున పడుకోబెట్టి బోర్లా తిప్పి వీపు మీద ఒత్తితే నీళ్లు వచ్చాయి. ఊపిరి రాలేదు. కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి నర్సింగు చదువుతోంది. ఆమె ముందుకు వచ్చి రొమ్ము మీద నొక్కింది, నోట్లోకి ఊపిరి ఊదింది. ఎంతసేపో నాకు తెలియదు. అవ్వ ఒక్కసారి దగ్గింది. కారులో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయారు.

దవాఖాన వరండాలో తడి బట్టలతోనే కూర్చున్నాను. ఊపిరితిత్తుల్లోకి మట్టి నీళ్లు పోయాయి, గుండె ముందే బాగాలేదు, రెండు రోజులు గడిస్తే గాని చెప్పలేమన్నారు డాక్టర్లు. పోలీసు కేసు అవుతుందేమోనని భయం వేసింది. పేపర్లో పడుతుందేమోనని భయం. ఉద్యోగం పోతుందేమో, పిల్లల ముందు తలెత్తుకోలేనేమోనని భయం. సిగ్గుతో చెబుతున్నాను, అవ్వ చచ్చిపోతుందేమో అన్న భయం ఈ వరసలో మొదటిది కాదు.

సోమవారం మధ్యాహ్నం కండక్టరు పెద్ద వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ బస్సులో అరిచినట్టే మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించాడు.

"అయ్యగారు, ఒక్క మాట అడగాలె, ఏమనుకోవద్దు. అవ్వకు ఏమన్న అయితే ఎక్కడ పెట్టాలె అని అందరు అడుగుతున్నరు. ఆమె మొత్తం మునిగిందయితే నిజమే. కాని ముంచేముందు అనే మాట ఉంటది గద. గది మీరు అన్నరా?"

లోపల మనిషి ప్రాణం కోసం కొట్టుకుంటుంటే, ఏ వరుసలో పెట్టాలని బయట లెక్కలు. నాకు ఒళ్లు మండింది. కానీ అతని ముఖం చూస్తే కోపం నిలవలేదు. అతనికీ భయంగానే ఉంది. మేస్త్రీ పక్కన ఖాళీగా ఉన్న చోటును అవ్వకు కాదని చెప్పాల్సింది తానే కదా. ఔనంటే చాలు, ఆమెకు ఆ చోటు దొరుకుతుంది. ఔనంటే ఇంకొకటి కూడా అవుతుంది, అదంతా బాప్తిస్మంలో జరిగిన ప్రమాదమై, నా తప్పు సగం తగ్గుతుంది.

"అన్న" అన్నాను. "దిగుకుంటనే అన్న."

"ఇంకేం ఫికర్ లేదు" అని అతను కళ్లు తుడుచుకున్నాడు.

ఆ రెండు రోజులూ అన్నం సహించలేదు. నా భార్య దగ్గర కూర్చుని తినమని అడగలేదు, తినొద్దని అనలేదు. మూడో రోజు అవ్వ కళ్లు తెరిచిందని కబురు వచ్చింది. పదో రోజున ఇంటికి తెచ్చారు. ఆ మరునాడే నన్ను పిలిపించింది.

పోయేసరికి మంచం మీద గోడకు ఆనుకుని గంజి తాగుతోంది. చిక్కి సగమైంది. నన్ను చూడగానే కూతురు లేచి లోపలికి పోయింది, వందనాలు కూడా చెప్పలేదు. అవ్వ గిన్నె పక్కన పెట్టింది.

"కండక్టరు వచ్చిపోయిండు. నా పేరు బుక్కుల ఎక్కిస్తరట గద?"

"ఔను అవ్వా."

"నువ్వు మాట అనలే గద బిడ్డా."

ఆమె నన్ను అప్పటిదాకా అయ్యగారు అనే అనేది. బిడ్డా అనడం ఆ రోజే మొదలు.

"తొమ్మిది అన్నవు. నాకు ఇనబడ్డది. గంతే అన్నవు."

"నీ కోసమే అవ్వా. మేస్త్రి పక్కన ఉండాలంటివి..."

"నా కోసం గాదు. కట్టె గూడ నువ్వు ఏయలే."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? నీ చెయ్యి నాకంటె ఎక్కువ వణుకుతుండె. కట్టె ఏసి చూసినోడు గట్ల వణుకుతడా?" ఆయాసం వచ్చి కాసేపు ఆగింది. "నీకు గూడ నీళ్ల భయమున్నదని ముందే చెప్తే ఎంత మంచిగుండు. నాకు తోడు, సోపతి అయితుండె. మా ఆయన అబద్ధం ఆడినోని ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టకపోతుండె. గసొంటి మనిషి పక్కపొంటి గీ అబద్ధం మీద ఎట్ల పండాలె నేను?"

నేను ఆమె మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నా ఏడుపు అయిపోయాక అంది:

"మల్ల ముంచు."

"వద్దవ్వా. డాక్టరు ఒప్పుకోడు. నీకు భయం కాదా?"

"ఎందుకు కాదు? కండ్లు మూస్తే ఎర్ర నీళ్లే కనవడుతున్నయి. అయినా దిగుత. కాని ఈసారి భయమున్నదని అందరికి చెప్పి దిగుదాం. దాసుకొని దిగితేనే గిట్లయింది."

తరువాతి ఆదివారం ప్రసంగం చేయలేదు. ముందుకు వచ్చి నిలబడి, కట్టె సంగతి, దవాఖానలో ఆడిన అబద్ధం సంగతి, చెయ్యి విడిపించుకున్న సంగతి అన్నీ చెప్పాను. స్తంభం పట్టుకుని చెప్పాను. ఎవరో లేచి మెచ్చుకుంటారని మీరు అనుకుంటే అది జరగలేదు. వెనుక నుంచి ఒకతను "గీయన మనకెందుకు, పంపియ్యుండ్రి" అన్నాడు. అవ్వ కూతురు నా వైపు చూడకుండా బయటికి పోయింది. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు, అందులో ఆమె తప్పు లేదు. కమిటీ నన్ను పంపించలేదు గాని, కండక్టరు పెద్ద నెల రోజులు నన్ను చూస్తే పక్కకు తిరిగిపోయేవాడు. మెకానిక్కు మాత్రం బయట బండి స్టార్టు చేస్తూ, "ఒక్క ఫోన్ చేస్తే రాత్రి అయినా వస్తుంటి గద అయ్యగారు" అన్నాడు. ఆ ఒక్క మాట మిగిలిన అన్నిటికంటే ఎక్కువ తగిలింది.

అవ్వ కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. డాక్టరు వద్దన్నాడు, కూతురు వద్దని ఏడ్చింది. అవ్వ వినలేదు. ఈసారి మెకానిక్కు మూడు రోజులు వరసగా కట్టె వేసి, లోతు మొదలయ్యేచోట వెదుళ్లు పాతి తాడు కట్టాడు. తాడుకు చాలా ముందే, మూడో అడుగులో నీళ్లు పిక్కలు దాటి ఉన్నాయి. అవ్వ అక్కడే ఆగిపోయింది.

"నేను ఈడనే కూసుంట. కూసున్నోళ్లను ముంచరాదా?"

అందరం కండక్టరు పెద్ద వైపు చూశాం. ఆయన నీళ్లను చూసి, "మొత్తం మునిగితే సాలు" అన్నాడు. కూర్చుని వెనక్కి వాలితే మోకాలి లోతులో కూడా మనిషి మొత్తం మునుగుతాడని ఇన్ని తరాలుగా మాలో ఒక్కరికీ తోచలేదు.

అవ్వ కూర్చుంది. నేను ఆమె పక్కన మోకాళ్ల మీద వంగాను. నడుము దాకా నీళ్లు వచ్చాయి, చెవుల్లో మళ్లీ అదే హోరు.

"భయమైతుందా బిడ్డా?" అని అడిగింది, అందరికీ వినబడేటట్టు.

"అయితుంది" అన్నాను, అందరికీ వినబడేటట్టే.

"నాకు గూడ. ఇగ అను."

మాట మొత్తం అన్నాను, ఒక్కొక్కటిగా, గట్టిగా. మెడ వెనుక చెయ్యి పెట్టి వెనక్కి వంచాను. ఎర్ర నీళ్లు ఆమె ముఖం మీదుగా కలుసుకున్నాయి. నీళ్ల కింద ఆమె వేళ్లు నా మణికట్టును పట్టుకున్నాయి. నేనూ ఆమె చేతిని పట్టుకున్నాను. లేపేసరికి ఆమె నోరు తెరిచి గాలి పీల్చి, ముందు ఏడ్చి, తరువాత నవ్వింది. ఆమె వేళ్ల గుర్తులు నా మణికట్టు మీద నాలుగు రోజులు ఉన్నాయి.

తరువాతి ప్రభువు బల్లనాడు పళ్లెం చివరి స్తంభం దాకా పోయి ఆగింది. రొట్టె తీసుకుని చాలాసేపు చేతిలో పెట్టుకుని చూసింది అవ్వ. పళ్లెం పక్కకు పంపడమే మరిచిపోతే పక్కావిడ గుర్తుచేయాల్సి వచ్చింది.

ఆ తరువాత ఆమె నాలుగేళ్లు బతికింది. మేస్త్రీ పక్కన పెట్టింది నేనే. తొట్టి కట్టారు, ఈసారి నేను అడ్డుపడలేదు. బండ ఇప్పుడు ఒక వెంచరు ప్రహరీ లోపల ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే చూడనిస్తాడు.

రిజిస్టరు ఇప్పటి పాస్టరమ్మ దగ్గర ఉంది. ఇప్పుడు ఆడవాళ్లు కూడా పాస్టర్లవుతున్నారు, మంచిదే. మీరు పోతే చూపిస్తుంది. వరసగా అందరికీ స్థలం గడిలో బండ నుంచి పన్నెండు అడుగులు అని ఉంటుంది. ఒక్క పేరు పక్కన మూడు అడుగులు అని ఉంటుంది. ఆ చివర ఇతర విషయాలు అని ఒక గడి ఉంది. అంతకు ముందు అందులో ఎవరూ ఏమీ రాయలేదు. నేను రాస్తే, సంఘ చరిత్రలో గిట్లాంటివెందుకు, కొట్టెయ్యమని కమిటీ పట్టుబట్టింది. చదువు రాని అవ్వ నాతో రెండుసార్లు చదివించుకుని విని, "ఉండనియ్యిండ్రి, తరువాత వచ్చేటోళ్లు చూస్తరు" అంది. అక్కడ ఇట్లా ఉంది: మొదటిసారి పాస్టరు చెయ్యి వదిలెను. రెండవసారి వదలలేదు.